జెండా వెనక నడవనన్న డ్రైవరు

దిండు మీద పడుకోబెట్టి "ఎలా ఉంది సార్?" అని అడిగితే ఏం చెప్పాలో స్టీరింగుకి తోచలేదు. దేశం కాని దేశం వచ్చి, పడవలూ కొండలూ చూద్దామనుకుంటే, టూరు వాళ్ళు వరసగా మూడో రోజు కూడా తెచ్చి దుకాణంలోనే పడేశారు. మొన్న రంగురాళ్ళు, నిన్న తోలు సంచులు, ఇవాళ దిండ్లు. తోటి ప్రయాణికులంతా బారుగా పడుకుని కళ్ళు మూసుకున్నారు. ఆసుపత్రి వార్డులో కూడా అంత క్రమశిక్షణ ఉండదు.

స్టీరింగు అన్నది డిపోలో తోటి డ్రైవర్లు పెట్టిన పేరు. ఎవరి బండి ఎక్కినా పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవర్నీ దారి అడిగి ఎరగనని గొప్పగా చెప్పుకుంటాడు. ఒకే రూట్లో తిరిగేవాడికి దారి అడిగే పనేముందని భార్య అంటుంది. అంతటివాడు ఇప్పుడు పసుపు జెండా పట్టుకున్న ఓ చిన్నపిల్ల వెనక నడవాలి. ఆ పిల్ల జెండా ఎత్తితే లేవాలి, దించితే ఆగాలి, ఊపితే బస్సెక్కాలి.

భార్య సంగతి వేరు. ఆవిడ పెద్దాసుపత్రిలో ఎంక్వైరీ కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఎక్స్‌రే ఎక్కడ, పిల్లల వార్డు ఎక్కడ, మా మావయ్యని ఎక్కడ పడుకోబెట్టారు, పొద్దస్తమానం ఇదే గోల. ఇంటికొస్తే తువ్వాలెక్కడ, కత్తెరెక్కడ అంటూ మొగుడి గోల. బీరువా ముందు నిలబడి బీరువా తాళాలెక్కడ అంటాడు, అవి బీరువాకే వేలాడుతుంటాయి. జెండా టూరుని ఏరికోరి ఎంచుకున్నది ఆవిడే. ఇక్కడ అడిగేవాళ్ళందరూ జెండా పిల్లనే అడుగుతారు. ఆ సుఖం కోసం ఆవిడ ఏళ్ళ తరబడి సెలవులు కూడబెట్టింది. దిండ్ల దుకాణంలో ఆవిడ నిజంగానే నిద్రపోయింది.

సాయంత్రం హోటల్ గదిలో భార్య ముందూ, టూరుకి వెంట వచ్చిన తల్లి ముందూ స్టీరింగు తిరుగుబాటు ప్రకటించాడు.

"రేపు నేను ఆ జెండా వెనక నడవను. గొర్రెనా నేను? మిమ్మల్నిద్దర్నీ నేనే తిప్పుతాను."

"తిప్పండి. కానీ నన్నేమీ అడక్కూడదు," అంది భార్య.

"నేనెందుకు అడుగుతాను?"

"ఎక్కడ అని ఒక్కసారి అడిగినా, మిగిలిన రోజులు నా ఇష్టం. నాకు నచ్చిన చోటికి ఒక్కదాన్నే పోతాను. మీరు అత్తయ్యని తీసుకుని బుద్ధిగా జెండా వెనక నడుస్తారు."

"అడక్కపోతే?"

"జన్మంతా మీరు చెప్పినట్టు వింటాను."

జన్మంతా అనేసరికి స్టీరింగు కళ్ళు మెరిశాయి. దుప్పట్లోంచి తల బయట పెట్టి, ఒప్పుకోకురా అని తల్లి హెచ్చరించింది. అప్పటికే ఒప్పేసుకున్నాడు.

పొద్దున్నే దువ్వెన కనబడలేదు. "దువ్వెన ఎ..." దాకా వచ్చి, మిగతాది దగ్గుగా మార్చుకున్నాడు. వేళ్ళతో దువ్వుకుని, ఒక కాలికి నల్ల మేజోడు, రెండో కాలికి గోధుమరంగుది తొడుక్కుని, కళ్ళజోడు కోసం మంచం కింద దూరాడు. భార్య కుర్చీలో కూర్చుని అదే కళ్ళజోడుని తీరిగ్గా తుడుస్తోంది. అడిగితే ఇచ్చేదే. అతను అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు, కాసేపయ్యాక తల్లే జాలిపడి ఇప్పించింది.

పడవల రేవు జనంతో కిటకిటలాడుతోంది. టూరు గుంపులన్నీ అక్కడే దిగుతాయి. ఒక గైడు గరిట ఎత్తి పట్టుకున్నాడు, ఇంకొకామె కర్రకి బొమ్మకోతిని కట్టింది. ఆడవాళ్ళు తప్పిపోకూడదని స్టీరింగు కూడా తల్లి చేతిలోని గులాబీరంగు కుచ్చుల గొడుగు లాక్కుని పైకెత్తాడు. "నా వెనకే రండి" అని చెప్పి, ఛాతీ విరుచుకుని బజారులోకి నడిచాడు.

మలుపు దగ్గర అలవాటు ప్రకారం వెనక్కి చూశాడు. తల్లీ భార్యా వస్తున్నారు. వాళ్ళ వెనక టోపీలు పెట్టుకున్న ముసలి దంపతులు కూడా వస్తున్నారు. తర్వాతి మలుపులో చూస్తే దంపతుల వెనక ఇంకో నలుగురైదుగురు. పళ్ళ దుకాణం దాటేసరికి అదొక ఊరేగింపైపోయింది. ఎవరి దేశమో, ఏ భాషో తెలియదు. అందరూ అతన్ని చూసి నవ్వుతున్నారు. అతను ఆగితే ఆగుతున్నారు, నడిస్తే నడుస్తున్నారు.

వదిలించుకుందామని సందులోకి తిరిగాడు. వాళ్ళూ తిరిగారు. పరుగులాంటి నడక నడిచాడు. వాళ్ళు వగరుస్తూనే అందుకున్నారు. చివరికి మరుగుదొడ్లలో దూరి తలుపేసుకున్నాడు. బయటికొచ్చేసరికి వాళ్ళంతా చక్కగా వరస కట్టి నిలబడ్డారు. పని కానిచ్చుకుని ఒక్కొక్కరే వచ్చి, సరైన సమయానికి ఆపావన్నట్టు అతని భుజం తట్టారు.

గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని ఉంటే సరిపోయేది. కానీ స్టీరింగు ఎంతైనా డ్రైవరు. ఎక్కినవాళ్ళని నడి దారిలో దింపేసిన మచ్చ అతని సర్వీసులో లేదు. పైగా లోలోపల కొంచెం సంబరంగానూ ఉంది. కనబడిన ప్రతి గోడనీ చెయ్యెత్తి చూపించాడు. వాళ్ళు ఆ గోడలన్నిటినీ ఫోటోలు తీసుకున్నారు.

ఆ సంబరం ఎండెక్కేదాకానే. టోపీ ముసలాయన గడియారం చూపించి, తెడ్డు వేస్తున్నట్టు చేతులు ఆడించాడు. మిగతావాళ్ళ ముఖాల్లో కూడా కంగారు కనిపించింది. వాళ్ళ పడవ వెళ్ళిపోయే వేళైందని స్టీరింగుకి అర్థమైంది. రేవు ఏ వైపుందో మాత్రం అర్థం కాలేదు. ఇటు నడిచాడు, అటు నడిచాడు, అదే పళ్ళ దుకాణం ముందుకి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. దుకాణం మనిషి ఈసారి చెయ్యి కూడా ఊపాడు.

పక్క టీకొట్లో భార్య అప్పటికే చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని టీ తాగుతోంది. తల్లి పక్కనే ఉంది.

స్టీరింగు ముందు తల్లి దగ్గరికెళ్ళి, నీ కోడల్ని కనుక్కోమని గుసగుసలాడాడు. మీ పందెంలో నాకు వాటా లేదని ఆవిడ తల తిప్పుకుంది. ఇక లాభం లేదని భార్యకే ఎదురుగా నిలబడ్డాడు.

"రేవు వైపు గాలి బాగా వస్తుంది కదూ," అన్నాడు.

"వస్తుంది."

"ఆ గాలి ఇప్పుడు ఏ పక్క నుంచి వస్తోందంటావ్?"

"ఇవాళ కిటికీ మూసేశాను," అంది భార్య. "గాలి సంగతి నాకు తెలీదు."

టోపీ ముసలామె అరుగు మీద కూలబడింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసేసరికి స్టీరింగు పౌరుషమంతా దిగిపోయింది. జన్మంతా ఏలబోయే రాజ్యాన్ని వదులుకుని నోరు తెరిచాడు.

"రేవెక్కడే?"

భార్య చెంచాతో టీకొట్టు వెనక్కి చూపించింది. గోడ దాటగానే రేవు. అక్కడ పడవ ముందు ఇంకో గులాబీరంగు గొడుగు పట్టుకుని వాళ్ళ అసలు గైడు జుట్టు పీక్కుంటున్నాడు. అందర్నీ ఎక్కించి, పడవ కదిలాక గానీ స్టీరింగు ఊపిరి పీల్చుకోలేదు.

"అసలు వాళ్ళు నా వెంట ఎలా పడ్డారో," అన్నాడు తిరిగొచ్చి.

"పొద్దున రేవులో ఆ టోపీ ఆయన గొడుగేదని సైగ చేసి దీన్నే అడిగాడు," అంది తల్లి. "ఇది నిన్ను చూపించింది."

"అడిగితే చెప్పడం నా ఉద్యోగం," అంది భార్య. "వాళ్ళ పడవ నేను అప్పుడే చూసి పెట్టుకున్నాను. మీరు అడుగుతారని నాకు తెలుసు."

మర్నాడు, తిరుగు బస్సు వేళకి వస్తానని చెప్పి భార్య ఒక్కతే ఎటో వెళ్ళిపోయింది. స్టీరింగు తల్లిని వెంటబెట్టుకుని జెండా వెనక నడిచాడు. తీసుకెళ్ళింది దుప్పట్ల దుకాణానికి. తిరుగు ప్రయాణానికి బస్సెక్కాక జెండా పిల్ల తలలు లెక్కపెట్టి, అతని దగ్గర ఆగింది.

"అంకుల్, ఆంటీ ఎక్కడున్నారు?"

"తెలీదు."

"ఫోన్ చేసి అడగండి."

"అడగను."

ఇంకాసేపు చూసి బస్సు తీసేస్తామని ఆ పిల్ల బెదిరించింది. స్టీరింగు లేచి వెళ్ళి, తెరిచి ఉన్న తలుపు మధ్య ఫుట్‌బోర్డు మీద కూర్చున్నాడు.

"నేనూ డ్రైవర్నేనమ్మా. ఆవిడ రాకుండా ఈ బండి కదలదు. ఎవరొచ్చి చెప్తారో చెప్పనీ."

భార్య వచ్చింది. చేతిలో ఏ సంచీ లేదు. ముఖం మాత్రం అతను పెళ్ళినాటి తర్వాత చూడనంత తేటగా ఉంది. పరుగెత్తలేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. "ఎక్కడి..." అనబోతూ స్టీరింగు నోరు తెరిచాడు. వెనక సీట్లోంచి తల్లి ఆశగా ముందుకు వంగింది.

అతను నోరు మూసుకుని, పక్కకి జరిగి దారిచ్చాడు.