కుడిచేతి నిబంధన

గురువారం పొద్దున జోమెర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు కుడిచేతికి పిండికట్టు కట్టించుకోవాలి. ఆ చేతితో లెక్కలు చెప్పే ఇంజనీర్ తుపాస్ గారి గదికి వెళ్లి దీనంగా నిలబడాలి. మర్నాడు జరగాల్సిన వెక్టార్ కాలిక్యులస్ పరీక్షను రెండు వారాలు వాయిదా వేయించుకోవాలి. ఆ రెండు వారాల్లో చదువుకోవాలి. చివరిది తప్ప మిగతావన్నీ అతనికి చేతనైన పనులే.

వెక్టార్ కాలిక్యులస్ తీసుకోవడం అతనికిది మూడోసారి. ఇలోయిలోలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఒక సబ్జెక్టు మూడోసారి తప్పితే సామాను సర్దుకోవాల్సిందే. ఈ సంగతి తెలిసి కూడా అతను సెమిస్టరంతా దినాగ్యాంగ్ పండగ ఊరేగింపు బృందంలో డప్పు వాయిస్తూ గడిపాడు. ఊళ్లో చేపలు ఎండబెట్టి అమ్ముకునే తల్లి మాత్రం కొడుకును మూడేళ్లుగా ఇరుగుపొరుగు దగ్గర "మా ఇంజనీరు" అనే అంటోంది.

కట్టు కట్టింది లొవెల్లా. నర్సింగు చదువుతూ అతను ఉండే హాస్టల్ పక్క వీధిలోనే ఉంటుంది. ఆమెకూ ప్రాక్టికల్స్‌లో చూపించడానికి ఒక కట్టు కావాలి. ఊళ్లో ఎవరూ సమయానికి ఎముక విరగ్గొట్టుకోక ఇబ్బంది పడుతోంది.

"ఏ ఎముక విరగ్గొట్టమంటావ్?" అని అడిగింది.

"ఏదైనా పర్లేదు. నొప్పి లేనిది చూడు."

"బొటనవేలి మొదట్లో ఒక చిన్నెముకుంది. విరిగినా ఎక్స్‌రేలో వెంటనే కనబడదంట. అదైతే ఎవరూ తవ్వరు."

కట్టు ఆరాక జోమెర్ చేయి ఎత్తి చూసుకున్నాడు. బొటనవేలు నిటారుగా నిలబడింది. మిగతా వేళ్లు గ్లాసు పట్టుకున్నట్టు లోపలికి వంగాయి.

"ఇదేంటే, ఎవరికో శభాష్ చెప్తున్నట్టుంది?"

"పుస్తకంలో అలాగే ఉంది. నీకోసం పుస్తకం మార్చమంటావా?"

వెక్టార్ కాలిక్యులస్ చదివినవాళ్లు ఎవరైనా ఆ భంగిమను చూడగానే గుర్తుపడతారు. అదే కుడిచేతి నిబంధన. సుడి ఎటు తిరుగుతోందో అటు వేళ్లు ముడిస్తే, దాని దిశ ఏమిటో బొటనవేలు చూపిస్తుంది. జోమెర్ గుర్తుపట్టలేదు.

ఇంజనీర్ పెర్లా తుపాస్ మాత్రం మనిషి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆమె కట్టును చూసింది, తర్వాత అతని మొహం చూసింది.

"ఎలా పడ్డావ్?"

"జీప్నీ బండి దిగుతుంటే మేడమ్."

"ఏ జీప్నీ?"

"అదీ... వెళ్లిపోయింది మేడమ్."

ఆమె నిట్టూర్చి క్యాలెండర్ తిప్పింది. "సరే, రెండు వారాల తర్వాత..." అని ఇంకా మాట పూర్తికాకముందే డీన్ కబాలుమ్ గారు లోపలికి వచ్చారు. కథ ఇక్కడే ముగిసిపోవాల్సింది. ముగియకపోవడానికి కారణం పై వారం రాబోతున్న తనిఖీ బృందం. వాళ్ల ప్రశ్నల్లో ఒకటి, వైకల్యం ఉన్న విద్యార్థులకు మీరేం సదుపాయం కల్పిస్తున్నారని. దానికి జవాబుగా కాలేజీలో చక్రాల కుర్చీల కోసం కట్టిన వాలుబాట ఒకటుంది. అది ఎక్కితే మెట్లు వస్తాయి.

డీన్ గారు పిండికట్టు వైపు చూసిన చూపులో అంత ప్రేమ జోమెర్ ఎన్నడూ ఎరగడు.

"వాయిదా దేనికి మేడమ్? ఈ బాబు రేపే రాస్తాడు. చెప్తుంటే రాసిపెట్టే మనిషిని నేనిస్తాను. ఏం బాబూ?"

"సార్, బాగా నొప్పిగా..."

"నొప్పి చేతికి కదా. నోటికి కాదుగా."

మధ్యాహ్నానికల్లా కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ లేచింది. "చేయి విరిగింది, చదువు విరగలేదు" అని పైన పెద్ద అక్షరాలు. వాటి కింద డీన్ గారి బొమ్మ, మూలగా జోమెర్. నిటారుగా నిలబడ్డ బొటనవేలి వల్ల, చేయి విరగడం అతనికి ఎంతో నచ్చినట్టు కనిపిస్తున్నాడు. ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో అతని ఊరు చేరింది. అక్కడ మళ్లీ ఎన్నికలకు నిలబడబోతున్న ఊరి పెద్ద, కెప్టెన్ గారు, "మా మట్టిలో పుట్టిన మాణిక్యం" అని ఇంకో ఫ్లెక్సీ కట్టించారు. అందులో మాణిక్యం కెప్టెన్ గారే అనుకుంటారు చూసినవాళ్లు. జోమెర్ తరఫున కట్టు ఒక్కటే పట్టింది.

సాయంత్రానికి తల్లి దిగింది, చేతిలో కోడిపులుసు గిన్నెతో.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"లేదమ్మా."

"నాకు తెలుసు. నేను బాధపడతానని లేదంటావ్." ఆమె చెంచాతో పులుసు అతని నోటికి అందించింది. "నీ చెయ్యి బాగయితే జారో మాత చర్చిలో మోకాళ్ల మీద నడుస్తానని మొక్కుకున్నా."

"అంతొద్దమ్మా. చిన్నెముకే."

"చిన్నెముకైనా నీదేగా."

జోమెర్‌కి సిగ్గేసింది. నిజం చెబుదామని నోరు తెరిస్తే అందులోకి ఇంకో చెంచా వచ్చింది.

ఇంతలో క్లాసువాళ్లు రావడం మొదలైంది. ఫ్లెక్సీ మీదున్నవాడు తప్పితే కాలేజీ పరువేం కావాలని డీన్ గారు వాళ్లను హెచ్చరించి పంపారట. ఒకడు సుడి గురించి చెప్పి వెళ్తే, ఇంకొకతె ప్రవాహం గురించి చెప్పడానికి కూర్చుంది. డప్పు కొట్టడానికి చేయి లేదు, ఫోను నొక్కడానికి వేళ్లు లేవు, లేచి పారిపోదామంటే విసనకర్రతో పక్కనే తల్లి. వేరే దారిలేక జోమెర్ వినడం మొదలుపెట్టాడు. విన్నదాంట్లో కొంత అర్థమవుతోందని తెలిసి అతనికే భయమేసింది.

శుక్రవారం పరీక్ష డీన్ గారి సమావేశాల గదిలో పెట్టారు. మొదట ఇంజనీర్ తుపాస్ కట్టును తనిఖీ చేసింది. "త్వరగా కోలుకో" అనే రాతల మధ్య, రెండు హృదయాల కింద, ఎవరో ఒక సిద్ధాంతం మొత్తం రాసిపెట్టారు. ఆమె కట్టంతా తువ్వాలు చుట్టబోయింది.

"బొటనవేలు కనబడాలి మేడమ్," అన్నారు డీన్ గారు. పక్కన ఫోటోగ్రాఫర్ నిలబడి ఉన్నాడు. "ఫ్లెక్సీలో ఉన్నది అదే."

"ఆ వేలే ఒక సూత్రం సార్."

"ఉండనివ్వండి. దేవుడిచ్చిన వేలు."

రాసిపెట్టే మనిషికి లెక్కలు రాకూడదని నియమం. అందుకని హోటల్ మేనేజ్‌మెంట్ నుంచి అర్లీన్ అనే అమ్మాయిని తెచ్చారు.

"తలకిందులుగా ఒక త్రికోణం వెయ్," అన్నాడు జోమెర్.

"ఎంత పెద్దది అన్నా?"

"మామూలుది. పక్కన గుణకారం గుర్తు. తర్వాత ఎఫ్. ఎఫ్ నెత్తిన బాణం."

"మళ్లీ చెప్తున్నా అన్నా, సరిచూసుకో. తలకిందుల త్రికోణం ఒకటి, గుణకారం ఒకటి, ఎఫ్ ఒకటి, నెత్తిన బాణంతో. ఇంకేమైనా కావాలా?"

అది హోటల్ ఆర్డర్లు తీసుకుంటూ ఆమెకు అలవాటైన విద్య. చెప్పిందంతా తిరిగి అప్పజెప్పకుండా ముందుకు కదలదు. ఆమె నోట వింటుంటే తన తప్పులు జోమెర్‌కే తెలిసిపోయేవి. "ఆగాగు, ఆ రెండోది తీసెయ్" అనేవాడు. ఆమె విసుక్కోకుండా తీసేసేది. నాలుగో ప్రశ్నలో గిన్నెలాంటి ఒక ఉపరితలం వచ్చింది. దాని అంచు చుట్టూ తిరిగే దిశను బట్టి జవాబు ప్లస్సో మైనస్సో తేల్చాలి. జోమెర్ కట్టున్న చేతిని గాల్లో గిరగిరా తిప్పి, బొటనవేలు ఎటు చూస్తోందో చూసి, "ప్లస్ వెయ్" అన్నాడు. ఇంజనీర్ తుపాస్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

తనిఖీ బృందం వచ్చి, ఫోటోలు చూసి, విందు తిని వెళ్లాక ఆమె అతన్ని పిలిపించింది.

"పాసయ్యావ్. నాలుగో ప్రశ్నలో గుర్తు సరిగ్గా వచ్చింది క్లాసు మొత్తానికీ నీకొక్కడికే. మిగతా అందరికీ మైనస్ వచ్చింది. ప్రతి ఏడూ ఇంతే. ఎంత తిట్టినా ఆ మైనస్ పోదు, ఎందుకో నాకర్థం కాదు."

జోమెర్ ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ అతని చెయ్యి బాగయ్యేదాకా ఆగలేక తల్లి ఆదివారమే మొక్కు తీర్చేసుకుంది. గుడ్డ చుట్టిన ఆ మోకాళ్లు అతని కళ్లముందు నుంచి కదలడం లేదు.

"మేడమ్, చెయ్యి విరగలేదు."

"తెలుసు. విరిగిన చెయ్యి అలా గిరగిరా తిరగదు. చెప్తావా చెప్పవా అని చూస్తున్నా."

ఆమె అతన్ని డీన్ గారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన అంతా విని తలుపు వేశారు.

"విరిగింది బాబూ."

"లేదు సార్, ఉత్తి కట్టు."

"సదుపాయాల ప్రశ్నకు తనిఖీవాళ్లు మనకు నూటికి నూరు వేశారు. నీ చెయ్యి విరిగిందని కాలేజీ తీర్మానించింది. విరగలేదని చెప్పడానికి నువ్వెవరు?"

ఇంజనీర్ తుపాస్ ఒప్పుకోలేదు. మోసంతో రాసిన పరీక్ష తన దగ్గర చెల్లదనీ, ఇప్పుడే తన గదిలో, తన ఎదుట, సొంత చేత్తో మళ్లీ రాయాలనీ, తప్పితే ఈ సాయంత్రమే సామాను సర్దుకోవాలనీ చెప్పింది. తలుపు మూసి రాయిస్తే తనకు అభ్యంతరం లేదన్నారు డీన్ గారు.

లొవెల్లా వచ్చి కట్టును నిలువునా రెండు చిప్పలుగా కోసింది. ఇంజనీర్ తుపాస్ ఆమెను ఏమీ అనలేదు. "పని శుభ్రంగా చేశావ్" అని మాత్రం అంది. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

జోమెర్ పెన్ను పట్టుకున్నాడు. గిన్నె బదులు ఈసారి గొట్టంలాంటి ఉపరితలం ఇచ్చింది. లెక్క సాఫీగా నడిచింది. నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. దిశ దగ్గరికి వచ్చేసరికి అతను చేయి ఎత్తి, వేళ్లు ముడిచి, బొటనవేలు చూసుకుని మైనస్ వేశాడు.

"అదేం చెయ్యి?" అంది ఇంజనీర్ తుపాస్.

అతను చూసుకున్నాడు. "ఎడమది మేడమ్."

"నిబంధన పేరేంటి?"

"కుడిచేతి నిబంధన మేడమ్."

"మరి?"

"కుడిచేతిలో పెన్నుంది మేడమ్."

ఎడమచేత్తో చూస్తే ప్లస్ కాస్తా మైనస్ అవుతుంది. ఎన్ని క్లాసుల్ని తిట్టిందో, ఎన్ని మైనస్‌ల చుట్టూ సున్నాలు చుట్టిందో ఆమెకు గుర్తొచ్చినట్టుంది. తన కుడిచేతిలోని ఎర్రపెన్ను వైపు ఒకసారి చూసుకుని, దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

జోమెర్ కూడా పెన్ను పెట్టేసి కుడిచేయి ముడిచాడు. దిశ దొరికింది. పెన్ను అందుకునేసరికి అది ప్లస్సో మైనస్సో మర్చిపోయాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ ముడిచాడు, మళ్లీ మర్చిపోయాడు. ఈసారి పెన్ను బల్ల కిందికి దొర్లిపోయింది. దానికోసం వంగినప్పుడు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క గుర్తు కోసం ఇంటికి పోవాల్సి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

అతను లేచేసరికి ఇంజనీర్ తుపాస్ చెత్తబుట్టలోంచి రెండు చిప్పలూ తీసింది. వాటిని అతని కుడిచేతికి అటూ ఇటూ అమర్చి, అంటుకునే టేపుతో గట్టిగా చుట్టింది. పెన్ను తను అందుకుంది.

"చెప్పు. నేను రాస్తాను."

అలా జోమెర్ గట్టెక్కాడు. ఆ సాయంత్రమే తల్లికి నిజం చెప్పాడు. ఆమె అంతా విని అదే చేతి మీద ఒక్కటి వేసింది. దాంతో రెండు రోజులు నిజంగానే నొప్పి పుట్టింది. పరీక్షల్లో పెన్ను ఏ చేత్తో పట్టుకోవాలో తేల్చడానికి డీన్ గారు కమిటీ వేశారు.