ఎండాల్సిన కుండీలు

ఆ ఉదయం లక్ష్మీపతి సారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏమీ చేయకుండా ఉండడం. ఉగాదికి పూసిన ఎర్ర లిల్లీలు వాడిపోయాయి. పూకాడలు మాత్రం కోసి, ఆకుల జోలికి పోకుండా ఆగాడు. అవి వాటంతట అవే పసుపెక్కి, ఎండి, చేతికి ఊడి వచ్చాయి. ఇక మెట్ల మీది ఐదు కుండీలకూ తొలకరి దాకా చుక్క నీరు పోయకూడదు. గడ్డ పొడి మట్టిలో నిద్రపోవాలి. తడి తగిలితే లోపలే కుళ్లిపోతుంది. ఈ మాట చెప్పిన జయంతి పుష్యమాసంలో పోయింది. పూలు మాత్రం ఆమె ఉన్నట్టే పూశాయి. సారుకున్న భయమల్లా ఒకటే. భార్య పెంచిన గడ్డలు తన చేతిలో పోకూడదు.

బెళుగుప్పలో వాళ్ల వీధికి కుళాయి వారానికోసారి వస్తుంది. అలాంటి చోట ఎండుతున్న కుండీని చూసి ఎవరూ ఊరుకోలేరు, అదీ ఇల్లాలు పోయిన ఇంట్లో. రెండు రోజులు గడవకముందే ఒక కుండీలో మట్టి నల్లగా కనిపించింది. సారు వేలు పెట్టి చూశాడు. తడి.

పోసిందెవరో వెతకనక్కర లేకపోయింది. పక్కింటి హనుమంతమ్మ తనే చెప్పింది.

"దిగులు పడొద్దు సార్. బట్టలుతికిన నీళ్లు గాదు, తాగే నీళ్లే పోస్తాండా."

వద్దనడానికి సారు నోరు తెరిచాడు. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే జయంతి పేరెత్తాలి. ఆమె పోయిన నాటి నుంచి ఆ పేరు పలకడమే మానేశాడు. తొమ్మిదో తరగతిలో ఒక జయంతి ఉంటే, ఆ అమ్మాయిని హాజరులో నంబరుతోనే పిలుస్తున్నాడు. అందుకని "మంచిదమ్మా" అన్నాడు.

ఆ 'మంచిదమ్మా' వీధంతా తిరిగింది. తలా ఒక చెంబు తేవడం మొదలుపెట్టారు. ఎదురింటి కదిరమ్మవ్వ మాత్రం నిండు బిందె మోయించుకొని వచ్చి, అందరూ చూస్తుండగా పోయించి, "ఏమప్పా, చాలునా, ఇంగా పొయ్యాల్నా?" అని అడిగేది. సారు అందరికన్నా ఆమెకే ఎక్కువ భయపడ్డాడు.

ఉన్న తడైనా ఆరుతుందని కుండీలను నీడలో పక్కకు వంచి పెట్టాడు. ఒంటిపూట బడి ముగించుకొని వచ్చేసరికి ఎవరో వాటిని నిలబెట్టి, మళ్లీ నింపి పోయారు. గోనెపట్టా కప్పాడు. ఎండ తగలకుండా కప్పినాడని మెచ్చుకొని పట్టాను కూడా తడిపారు. చివరకు కుండీలను ఇంట్లోకి మోసుకుపోయి తలుపు వేసుకున్నాడు.

అప్పుడు భయం వీధికి పట్టుకుంది. మొక్కలతో పాటు తనూ ఎండిపోదామని చూస్తున్నాడని ఒకరన్నారు. అన్నం మానేశాడని ఇంకొకరన్నారు. చీకటి పడేలోగా గుమ్మంలో సంగటి ముద్దలు, ఊరుబిండి పచ్చడి గిన్నెలు వరుస కట్టాయి. తినకపోతే ఆ మాట నిజమని నమ్ముతారు. సారు భయంతో అన్నీ తిన్నాడు. తెల్లారి కడుపు పట్టుకొని వంగి నడుస్తూ బడికి పోతుంటే చూసినవాళ్లంతా ఆ మాటను గట్టిగా నమ్మారు.

పాఠం మధ్యలో తిప్పేష్ ఫోన్ చేశాడు. సారు పాత విద్యార్థి, ఊరి బయట దానిమ్మ తోట ఉంది.

"సార్, భయపడొద్దండి. కదిరమ్మవ్వ కాడ మీరు పెట్టిపోయే తాళంచెవి తీసుకొని కుండీలన్నీ మా తోటకు తెచ్చేసినా. ఒక్కోదానికి ఒక్కో డ్రిప్పు పైపు పెట్టినా. రాత్రీ పగలూ పడ్తానే ఉంటాది."

సెలవు చీటీ రాయకుండా సారు బడి దాటడం అదే మొదటిసారి. దానిమ్మ చెట్ల మధ్య ఐదు కుండీలూ పొంగిపొర్లుతున్నాయి. మోకాళ్ల మీద కూలబడి ఒకదాంట్లో చేయి దింపాడు. బురద తప్ప గడ్డ లేదు. రెండో కుండీలో లేదు. ఐదింటిలోనూ లేవు. కుళ్లి కరిగిపోయాయి. పొర కూడా మిగల్లేదు.

"ఏమైంది సార్?" తిప్పేష్ పరుగున వచ్చి అడిగాడు.

"ఏం లేదప్పా. బాగా పోసినావు. ఇంటికి తీసుకుపోదాం పా."

ఆటోలో దారి పొడుగునా సారు బురద చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. కుండీలు దించి తిప్పేష్ వెళ్లిపోయాక, ఎదురింటి గుమ్మంలోంచి కదిరమ్మవ్వ చేయి ఊపింది. లోపలికి పిలిచి, అటక కిందున్న మట్టి దుత్త మీది మూత తీసింది. పొడి ఇసుకలో, బూడిద పూసుకొని, ఐదు గడ్డలు. గట్టిగా ఉన్నాయి.

"హనుమంతమ్మ మొదటి చెంబు పోసిన దినమే తీసి పెట్టినా," అంది. "ఆసుపత్రిలోనే చెప్పింది జయంతి. మా సారు ఎవుర్నీ వద్దనలేడవ్వా, వీధి వీధంతా నీళ్లు పోస్తాది, గడ్డలు నువ్వే కాపాడు అని."

సారు ఒక గడ్డను వేలితో నొక్కి చూశాడు. "మరి నువ్వు బిందెలకు బిందెలు పోయిస్తివి గదవ్వా."

"నేనొక్కదాన్ని పొయ్యకుంటే అనుమానం రాదా? ఉత్త మట్టే, తాగనీలే."

"నాకన్నా చెప్పుంటే..."

"నీకు చెప్తే, అడిగినోళ్లకంతా నిజం చెప్పేస్తావంట, గడ్డలు యాడుంటే ఆడికే నీళ్లొస్తాయంట. అదీ ఆయమ్మే అనింది."

మరునాడు హాజరులో సారు తొమ్మిదో తరగతి అమ్మాయిని పేరు పెట్టి పిలిచాడు. నంబరుకే అలవాటు పడిన ఆ పిల్ల పలకలేదు. రెండోసారి పిలిచాడు.

కుళాయి వచ్చిన రోజు వీధంతా ఎప్పటిలాగే ఆ కుండీలకు నీళ్లు పోసింది. సారు కూడా తన వంతుగా ఒక చెంబు పోశాడు.