చెరకుతోట మలుపులో స్కూటర్ హత్య

“ఈ పొద్దు నుంచి ఆ స్కూటర్ గురించి నువ్వేం ఆలోచన పెట్టుకోవద్దు రూపా. నా మెదడు రంగంలోకి దిగిండాది,” అన్నాడు గురునాథ్, అక్క పెట్టిచ్చిన బొరుగుల ఉగ్గాని పళ్లెం ఒళ్లో పెట్టుకుని. “అది దిగినాక నేరస్థునికి రెండే దారులు. లొంగిపోవడం, లేదంటే తుంగభద్రలో దూకడం.”

రూపశ్రీ మేనమామ గురునాథ్‌కు ఎమ్మిగనూరులో ఎరువుల అంగడి ఉంది. రెండు నెలల క్రితం ఫోన్లోనే పదిహేను రోజుల అపరాధ పరిశోధన కోర్సు చదివి, ఫోన్లోనే పట్టా పుచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఆయన కార్డు మీద ‘గురునాథ్, ప్రైవేట్ పరిశోధకుడు’ అనీ, కింద చిన్న అక్షరాల్లో ‘యూరియా, పురుగుమందులు కూడా దొరకును’ అనీ ఉంటుంది. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే. యల్లమ్మ కోడిపెట్ట మాయమైన కేసు. మూడు వారాల పరిశోధన తర్వాత ఆ పెట్ట ఎనిమిది పిల్లలను వెంటేసుకుని గడ్డివాము వెనక నుంచి తనంతట తానే నడిచొచ్చింది. దాని మీద ఒత్తిడి తెచ్చింది తానేనని గురునాథ్ ఇప్పటికీ చెబుతాడు.

రూపశ్రీకి మాత్రం ఇది వేళాకోళం కాదు. కంప్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో ఆమెకు ఉద్యోగం. పొద్దున ఎనిమిదికి తాళం తీయాల్సింది ఆమే. షుగర్ ఉన్న ముసలివాళ్లు పరగడుపున వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంటారు. పోయిన వారం స్కూటర్ దారిలో ఆగిపోయి రెండుసార్లు ఆలస్యమైంది. రెండోసారి ఒక పెద్దాయన కళ్లు తిరిగి అక్కడే ఒరిగిపోయాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే తాళంచెవి వేరేవాళ్లకు ఇస్తానని డాక్టరుగారు మెల్లగానే చెప్పారు. నాన్న సుబ్బరామికి మొదటి నుంచీ ఈ ఉద్యోగం ఇష్టం లేదు. వరి పండించుకునే ఇంట్లో ఆడపిల్ల ఊరికే అంత దూరం ఎందుకు పోవాలని ఆయన వాదం. పట్టుబట్టి పంపిస్తున్నది అమ్మ యశోదమ్మ.

“మొదట సౌండు గురించి చెప్పు,” అన్నాడు గురునాథ్ నోటుబుక్కు తీసి. “యాడ, ఎప్పుడు, ఎట్ల?”

“దినామూ యల్లేష్ చెరకుతోట మలుపు కాడే మామా. గుర్రు గుర్రుమంటాది, ఆపైన టకటకా దగ్గుతాది, నిలబడిపోతాది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లా స్టార్ట్ అవుతాది.”

“దినామూ అదే తావులోనా?”

“అదే తావులోనే.”

గురునాథ్ ఉగ్గాని నమలడం ఆపాడు. “అట్లయితే ఇది రిపేరు కాదు. పథకం.”

“మెకానిక్ మారన్న రెండుతూర్లు చూసినాడు. ప్లగ్గు మార్చినాడు, కార్బొరేటర్ కడిగినాడు, పెట్రోలు చూసినాడు. బస్టాండు దాకా నడిపి, బాగానే ఉండాది పో పాపా అన్నాడు.”

“మారన్నకు బండి తెలుసు. నేరం తెల్దు.”

మారన్నకు వినిపించడానికి రూపశ్రీ ఆ చప్పుడును ఫోన్లో పట్టి ఉంచింది. గురునాథ్ దాన్ని తన ఫోన్లోకి పంపించుకుని, ఆ మధ్యాహ్నమే మేనకోడలిని వెంటబెట్టుకుని మలుపు దగ్గరికి వెళ్లాడు. మొదటి అనుమానితుడు యల్లేష్ మోకాళ్ల దాకా పంచె ఎగగట్టి చెరకుకు నీళ్లు కడుతున్నాడు.

“ఈ గొంతు యాడైనా విన్నావా?” అని గురునాథ్ ఫోన్ అతని చెవి దగ్గర పెట్టాడు.

యల్లేష్ శ్రద్ధగా విన్నాడు. “మా నాయన గురక మాదిరి ఉండాదప్పా.”

“మీ నాయన నిన్న పొద్దున ఏడున్నరకు యాడ ఉన్నాడు?”

“ఆయప్ప పోయి నాలుగేండ్లాయె.”

గురునాథ్ నోటుబుక్కులో ‘తండ్రి: పరారీ’ అని రాసుకున్నాడు. తర్వాత జేబులోంచి దారానికి కట్టిన అయస్కాంతం తీసి రోడ్డు మీద ఈడ్చుకుంటూ నడిచాడు. సండూరు వైపు నుంచి వచ్చే ఇనుప గనుల లారీలు రాల్చిన ఎర్రదుమ్ము దానికి ఇంత మందాన అంటుకుంది.

“చూసినావా. భూమే నీ బండిని గుంజి పట్టుకుంటాండాది.”

“బస్సు, ట్రాక్టరు ఇదే దారిలో పోతాండాయి కదా మామా. వాటిని గుంజదా?”

“వాటితో దానికి పగ లేదు,” అన్నాడు గురునాథ్, చాలా గంభీరంగా.

రూపశ్రీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మర్నాడు బస్సులో పోదామంటే కంప్లికి తొలి బస్సు ల్యాబు తెరిచాక గానీ చేరదు.

శుక్రవారం పొద్దున ఆమె బండి తీసేసరికి మామ వెనక సీటు మీద కూర్చుని ఉన్నాడు. నేరస్థుణ్ణి రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలంటే పరిశోధకుడు బండి మీదే ఉండాలట. పొడుగు కోటు లేనిదే పరిశోధన సాగదని, పురుగుమందుల కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన వానకోటు తొడుక్కున్నాడు. వీపు మీద పచ్చపురుగు బొమ్మ ఉంది. వానలేని ఎండలో ఆ కోటులోంచి ఆయన చెమట ధారగా కారుతోంది.

చెరకుతోట మలుపు వచ్చింది. బండి గుర్రుమంది, దగ్గింది, ఆగింది. టైము ఏడు ముప్పై ఐదు. పది నిమిషాలు ఆగితే ఆలస్యం ఖాయం. మెట్ల మీద ఖాళీ కడుపుతో కూర్చున్నవాళ్లు కళ్ల ముందు మెదిలారు. రూపశ్రీ దిగి బండి మీద చెయ్యి వేసింది.

“ముట్టుకోవద్దు. ఇది ఘటనా స్థలం,” అన్నాడు గురునాథ్. సంచిలోంచి ముఖం పౌడరు డబ్బా తీసి సీటు మీద చల్లాడు. వేలిముద్రలు బ్రహ్మాండంగా దొరికాయి. కాసేపు పోల్చి చూస్తే అవన్నీ ఆయనవే.

“మామా, నాకు టైమయిపోతాండాది.”

“నేరానికి టైముండదు.” సీటు పైకెత్తి లోపలికి తొంగిచూశాడు. అక్కడ పెట్రోలు ట్యాంకు మూత ఎర్రగా మెరుస్తోంది. గురునాథ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “రక్తం.”

“కుంకుమ మామా. అమ్మ శుక్రవారం శుక్రవారం పెడతాది.”

“కుంకుమా,” అని పరిశోధకుడు నిరాశపడి, ఆ ఆధారాన్ని అక్కడికక్కడే కొట్టిపారేశాడు. “అయితే పెట్రోల్లో ఏదో కలిపిండారు. వాసన చూస్తే చెప్పేస్తా.”

మూతను బలంగా తిప్పాడు. ట్యాంకు ‘హుస్స్’ మంది.

“బాంబు. పండుకో,” అంటూ గురునాథ్ మూతను చెరకుతోటలోకి విసిరికొట్టి, తాను నీళ్లు పారుతున్న కాలువలోకి దూకాడు.

రూపశ్రీ పడుకోలేదు. ఏమీ పేలలేదు. ఆశ చావక ఒకసారి స్టార్టు బటను నొక్కింది. బండి ఒక్క నొక్కుకే అందుకుంది.

“ఎవురు స్టార్ట్ చేసింది?” అని కాలువలోంచి వినిపించింది.

మూత వెతికే వ్యవధి లేదు. చేతిరుమాలు మడిచి ట్యాంకు నోటికి అడ్డంపెట్టి, సీటు మూసి, మామను ఘటనా స్థలంలోనే వదిలేసి ఆమె కదిలింది. గుర్రు లేదు, దగ్గు లేదు. ఏడు యాభై ఐదుకు ల్యాబు తాళం తీసింది.

సాయంత్రం మారన్న ఇంటికి వచ్చాడు. యల్లేష్ వెతికి తెచ్చిచ్చిన మూత అతని చేతిలో ఉంది. వసారాలో అందరూ ఉన్నారు. గురునాథ్ కొత్త పంచెతో, పెద్ద కుర్చీలో ఉన్నాడు.

“ముందు నువ్వు చెప్పు పాపా. పెట్రోలుకు గుడ్డ అడ్డం పెట్టుకోని పోతారా ఎవురైనా?” అని మారన్న రూపశ్రీని కసిరాడు. తర్వాత స్క్రూడ్రైవరుతో మూత మధ్య గోకాడు. ఎండిన కుంకుమ పెచ్చులు పెచ్చులుగా ఊడి, సన్నని బెజ్జం కనిపించింది. “ఇది బండి ఊపిరి తీసుకునే బొక్క. మూసుకుంటే లోపలికి గాలి పోదు, పెట్రోలు దిగదు. దినామూ అంతే దూరం పోయి ఉక్కిరిబిక్కిరయి నిలబడతాది. నేను చూసినప్పుడల్లా మూత తీసి చూస్తి కాబట్టి నాకాడ బాగానే నడిచె. ఈ బొక్కలో కుంకుమ మెత్తింది ఎవురప్పా?”

“బయట పెడితే దుమ్ముకు, వానకు పోతాండాదని సీటు కింద పెడితి,” అంది యశోదమ్మ. “నడుమ గుంట ఉండాది కదా. బొట్టు పెట్టేకే ఇచ్చిండారు అనుకుంటి. నిలబడాలని కుంకుమలో ఇంత నెయ్యి కలిపితి.” ఆమె కూతురి వైపు తిరిగింది. “బిడ్డ క్షేమంగా పోయి రావాలని పెట్టినాను. నేనేనా దానికి అడ్డం పడింది?”

రూపశ్రీ అమ్మ ముఖం చూడలేకపోయింది. ఈ ఇంట్లో తన ఉద్యోగం కోసం పోట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

“ఇంతకీ కేసు ఏమాయె బామ్మర్దీ?” అని సుబ్బరామి అడిగాడు. “నేరస్థుని పేరు ఈ పొద్దు అందరి ముందర చెప్తానంటివే.”

గురునాథ్ అక్క వైపు చూశాడు. నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. “పేరు బయటపెట్టేకి చట్టం ఒప్పుకోదు బావా,” అన్నాడు, అందరూ విన్న తర్వాతే అయినా. “కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ మూత విసిరింది ఎవురు?”

అది మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

సుబ్బరామి కాసేపు మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఈ పొద్దు మెట్ల మీద ఎంతమంది ఉండిరి పాపా?” అని అడిగాడు, కూతురి వైపు చూడకుండా.

“ఏడుగురు నాయనా. అందరూ ఏమీ తినకుండా వచ్చినోళ్లే.”



మరుసటి శుక్రవారం యశోదమ్మ కుంకుమ గిన్నె పట్టుకుని వచ్చి, బండి ముందు దిక్కుతోచక నిలబడింది. చెయ్యి ఎక్కడ పెట్టాలన్నా ఆమెకు భయంగా ఉంది. రూపశ్రీ హెల్మెట్ తీసి, నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తోసుకుని ముందుకు వంగింది.

“ఈడ పెట్టమ్మా. ఇది యాడా ఆగదు.”

యశోదమ్మ నవ్వింది గానీ కళ్లు తడిశాయి. వేలితో బొట్టు దిద్దుతూ, వంకర పోయిందని తుడిచి మళ్లీ దిద్దసాగింది.

“ఇంగ చాలు యశోదా, వదులు,” అన్నాడు సుబ్బరామి లోపలి నుంచి విసురుగా వచ్చి, బండి సీటు తన భుజం మీది టవలుతో తుడుస్తూ. “ఏడు దాటె. ఆడ పాపం మనుషులు పరగడుపున కూర్చోనుంటారు. బేగ పో పాపా.”