రాణిగారి ప్రవేశానికి అంతరాయం

ఆ రోజు ఉదయం పళ్ల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు ఆయన అక్క ఆస్పత్రి మంచం మీద పడుకుని, తన పాత నాటకాన్ని ఫోన్లో చూసుకోవాలి. అంతే.

మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్న అక్క వారం రోజులుగా ఎముకల వార్డులో ఉంది. కాలికి బరువు కట్టి పైకి వేలాడదీశారు. కాలు కదిలే వీలు లేకపోవడంతో నోరు మరింత కదిలింది. వయసులో ఉండగా తాను నాటకాల్లో రాణి వేషాలు కట్టేదాన్నని, తాను వేదిక ఎక్కితే ఈలలు ఆగేవి కావని వార్డంతటికీ చెప్పింది. నడుముకు పట్టీతో పక్క మంచంలో ఉన్న పంతులమ్మ అంతా ఓపిగ్గా విని, "అలాగా అమ్మా? నేనూ అప్పట్లో విమానం నడిపేదాన్ని" అంది. వార్డంతా పకపకా నవ్వింది. అక్క ఆ పూట అన్నం ముట్టలేదు.

సంగతి తెలిసి తమ్ముడి మనసు చివుక్కుమంది. ఆయన ఇంట్లో ఒక సర్వరు ఉంది. హాలు బీరువాలో పెట్టిన పాత కంప్యూటరులో ఇంటిల్లిపాది వీడియోలూ నింపి, టీవీలోనే కాక, బయట ఎక్కడున్నా ఫోన్లో చూసుకునేలా అమర్చుకున్నాడు. అక్క నాటకం క్యాసెట్టును కూడా ఎప్పుడో అందులోకి ఎక్కించాడు.

"రేపు డాక్టర్లు చూసి వెళ్లాక అందర్నీ పిలుచుకో అక్కా. నీ ఫోన్లోనే వస్తుంది. ఆ పంతులమ్మ నోరు నేను మూయిస్తాను" అన్నాడు. నోళ్లు తెరిపించడమే వృత్తిగా ఉన్న మనిషి ఒక నోరు మూయిస్తానని మాటివ్వడం అదే మొదటిసారి.

మర్నాడు క్లినిక్‌లో మొదటి పేషెంటు ఒక దర్జీ. దవడకు మత్తు సూది వేసి, అది ఎక్కేలోపు ఒకసారి చూసుకుందామని డాక్టరు తన ఫోన్లో నాటకం పెట్టాడు. తెర మీద చక్రం గిరగిరా తిరిగింది. తిరిగి తిరిగి, వీడియో దొరకడం లేదని తేల్చింది. గడియారం పదకొండు దాటుతోంది. వార్డంతా చుట్టూ చేరి ఉంటుంది. పంతులమ్మ నవ్వుతూ ఉంటుంది.

వెంటనే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ఆఫీసుకు వెళ్లిపోయింది. ఇంట్లో ఉన్నది మామగారొక్కరే. ఆయన రైల్వే గార్డుగా రిటైరైన మనిషి.

"మామయ్యగారూ, హాల్లో బీరువా ఉంది కదా. తెరవండి" అన్నాడు డాక్టరు.

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న దర్జీ నోరు తెరిచాడు. డాక్టరు తనకు ఎప్పుడు అల్లుడయ్యాడో, తన నోటిని బీరువా అని ఎందుకు అంటున్నాడో అతనికి అర్థం కాలేదు. కానీ మత్తెక్కిన మూతితో అడిగే వీలు లేదు.

"ఇంకా తెరవండి. పూర్తిగా. ఆఁ, లోపల కుడివైపు కింద ఎర్రగా ఉందా?"

"ఉందల్లుడుగారూ" అన్నారు మామగారు.

"ఎర్రగా ఉంటే కష్టమే" అని డాక్టరు నిట్టూర్చాడు. దర్జీ కళ్లు పెద్దవయ్యాయి.

"ఆ దీపం పక్కన ఒక మీట ఉంటుంది, నొక్కండి" అన్నాడు డాక్టరు.

"నొక్కను. ఎర్ర దీపం ఉండగా నేను ముందుకు పోను."

"అది రైలు కాదు మామయ్యగారూ!"

"దీపం దీపమే. పచ్చది వెలిగాక ఫోన్ చెయ్యండి."

ఆయన్ను ఒప్పించి, మీట నొక్కించి, మళ్లీ వెలిగించేసరికి డాక్టరుకు చెమటలు పట్టాయి. ఫోన్లో చక్రం అలాగే తిరుగుతోంది. ఇంతలో రిసెప్షన్ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది.

"సార్, మీ ఫోన్ బిజీగా ఉందని మీ అక్కగారు మన నంబరుకు చేశారు. ఆయన్ను..."

"ఆ పనిలోనే ఉన్నానని చెప్పు" అని డాక్టరు చెయ్యి ఊపాడు. ఈసారి నెట్ డబ్బాను కూడా ఆర్పించి వెలిగించాడు. అయినా రాలేదు.

అమ్మాయి మళ్లీ వచ్చింది. "అక్కగారు కోపంగా ఉన్నారు సార్. ఆపెయ్యమంటున్నారు."

"ఆపెయ్యాలా? నిజమే, మొత్తం ఆపి చూడాల్సింది" అని డాక్టరు ఇటు తిరిగి గట్టిగా అరిచాడు. "పీకెయ్యండి! ఏది చేతికి దొరికితే అది పీకెయ్యండి! రాకపోతే ఊపి ఊపి లాగండి! ఒక్కటి కూడా మిగలకూడదు! తర్వాత ఏది ఎక్కడిదో చూసుకుని పెట్టుకుందాం!"

బయట బెంచీ మీద పేషెంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మెల్లగా చెప్పులు వెతుక్కున్నారు. దర్జీ మాత్రం చెప్పులు వెతుక్కోలేదు. మెడలో కట్టిన తువ్వాలుతోనే, సగం మూతి వంకరగా వేలాడుతుండగా, వీధి చివరిదాకా పరిగెత్తాడు.

మామగారు వైర్లన్నీ తిరిగి పెట్టి, పచ్చ దీపం వెలిగిందని ప్రకటించారు. డాక్టరు ఫోన్లో మళ్లీ చక్రమే. ఆయన ఖాళీ కుర్చీలో తానే కూలబడ్డాడు.

"ఏం పట్టింది సార్ మీ ఫోనుకు?" అని వచ్చిన రిసెప్షన్ అమ్మాయి తెర వంక చూసి, "మన క్లినిక్ వైఫైలో వీడియోలు ఎలా వస్తాయి? నేను సీరియల్స్ చూస్తున్నానని పోయిన నెల మీరేగా ఆపించారు" అంది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్పనిస్తేగా. వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపారు."

డాక్టరు వైఫై తీసేసి ఫోన్ సొంత నెట్‌తో పెట్టాడు. నాటకం నిక్షేపంలా మొదలైంది. ఆ ఫోన్ పట్టుకుని ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాడు. దారి పొడుగునా అక్క చిన్నబోయిన మొహమే కళ్ల ముందు కదిలింది.

వార్డు గుమ్మం దగ్గర నర్సులు, వార్డుబాయ్‌లు, చేతికర్రల వాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో, కాలు గాల్లో వేలాడుతుండగా, దుప్పటిని పమిటలా కప్పుకుని అక్క రాజును నిలదీస్తోంది. రాజు వేషం సెలైన్ స్టాండుది. అక్క గొంతు ఖంగుమంటోంది. పంతులమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

తమ్ముణ్ణి చూడగానే రాణి ఆగింది.

"ఒరేయ్, నా ఫోన్లో శుభ్రంగా వస్తున్నదాన్ని ఎందుకురా కెలికావు? నేను అడుగుపెట్టే ఘట్టం వచ్చేసరికి ఆగిపోవడం, మళ్లీ మొదటికి రావడం! వాణ్ని కెలకడం ఆపమని ఫోన్ చేస్తే, నాటకాన్నే ఆపేశావు. వీళ్లంతా మొహాలు వేలాడేసుకుంటే మిగతాది నేనే ఆడాల్సి వచ్చింది."

డాక్టరు సిగ్గుపడుతూ ఫోన్ ముందుకు చాపాడు. "ఇప్పుడు బాగా వస్తోందక్కా. ఇదుగో, అందరూ చూడండి."

"తర్వాత చూస్తాంలే బాబూ" అంది పంతులమ్మ. "ముందు మీరు పక్కకు జరగండి, రాణిగారు కనిపించడం లేదు."

ఆయన పక్కకు జరిగాడు. ఆయన చేతిలోని ఫోన్లో పడుచు రాణి, ఎక్కడా ఒక్క క్షణమైనా ఆగకుండా, ఎవరూ చూడకపోయినా, చివరిదాకా బ్రహ్మాండంగా నటించింది.