నాన్నగారి గొంతుకు నకళ్ళు

ఆదివారం పొద్దున్నే లైబ్రేరియన్ గారు ఒక నిర్ణయానికి వచ్చారు. పోయిన తండ్రి తన చిన్నతనం గురించి నలభై నిమిషాలు మాట్లాడిన క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. ముప్ఫై ఏళ్ళ నాటిది. అది పాడయ్యేలోపు ఆ గొంతును ఫోనులోకి ఎక్కించెయ్యాలి. కలిపే వైరు కోసం సొరుగులన్నీ తిరగేసినా దొరకలేదు. విసుగెత్తి, టేపు రికార్డరు ముందు ఫోను నిలబెట్టి, రెండూ నొక్కి స్నానానికి వెళ్ళారు. భార్యకు ఒక మాట చెప్పాలని మాత్రం తోచలేదు.

రికార్డింగు పూర్తయింది. క్యాసెట్టు వెనక్కి తిప్పబోతే రికార్డరు టేపును కరకరా నమిలేసింది. అయినా ఆయన దిగులుపడలేదు. ఒక్కచోటే దాచింది ఎప్పటికైనా పోతుందని ఉద్యోగంలో నేర్చుకున్న మనిషి కనుక, పద్దెనిమిది మంది బంధువులున్న గ్రూపులో ఆ ఫైలు పెట్టేశారు.

మధ్యాహ్నం తీరిగ్గా వినడానికి కూర్చున్నారు. పన్నెండో నిమిషంలో, తండ్రి తొలిసారి రైలెక్కిన సంగతి చెబుతుండగా, ఆ గొంతు మీద భార్య గొంతు ఖంగుమంది. వాళ్ళ చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది.

"మా ఆడపడుచా? ఆవిడొస్తోందంటే ముందురోజు నుంచే నాకు తలనొప్పి. పోయినసారి బిస్కెట్లు తెచ్చింది. గడువు తీరి ఆర్నెల్లయింది!"

భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏమండీ, ముందా ముక్క తీసెయ్యండి!"

"తీసేస్తే నాన్నగారు రైలెక్కరు. అసలు క్యాసెట్టు చూడు, చిక్కుపడ్డ జుట్టులా ఉంది."

"రికార్డు చేస్తున్నానని చెప్పి చావొచ్చుగా!"

"మీ మావగారు మాట్లాడుతుంటే నీకు వినపడలేదా?"

"ఈ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. ఎన్నని వినను?"

అంతలో గ్రూపులో అక్కయ్య రాసింది: "విన్నాను తమ్ముడూ. కళ్ళనీళ్ళు ఆగలేదు." బాబాయి గుండె బరువెక్కిందన్నాడు. దంపతులిద్దరికీ ముచ్చెమటలు పోశాయి. అక్కయ్యకు రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఇక లాభం లేదని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి బస్సు పట్టుకున్నారు.

అక్కయ్య తడితల తుడుచుకుంటూ తలుపు తీసింది.

"వదినగారూ, క్షమించండి! బిస్కెట్ల మాట నోరుజారి వచ్చేసింది. తలనొప్పి అన్నది కూడా..." భార్య గడపలోనే మొదలుపెట్టింది.

"ఏ బిస్కెట్లు? ఎవరికి తలనొప్పి?"

"విని ఏడ్చానన్నావు కదా అక్కయ్యా!" లైబ్రేరియన్ గారు నీరుగారిపోయారు.

"నలభై నిమిషాలు ఎవరు వింటార్రా? నాన్న గొంతు కదా, ఏమీ అనకపోతే బాగోదని రాశాను." ఆవిడ కుర్చీ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుంది. "ఎన్నో నిమిషం?"

భార్య గడపలో విడిచిన చెప్పులు సర్దసాగింది. ఆవిడ మొదటి నుంచీ పెట్టింది. తండ్రి మామిడిచెట్టు మీంచి పడ్డ చోట పకపకా నవ్వింది. బడి ఎగ్గొట్టిన చోట నిజంగానే కళ్ళు తుడుచుకుంది. తర్వాత రైలు వచ్చింది.

బిస్కెట్లు దాటేదాకా ఆవిడ కదల్లేదు. ఆ తర్వాత ఫోను తీసి గ్రూపులో నిదానంగా రాసింది: "అందరూ తప్పకుండా వినండి. ముఖ్యంగా పన్నెండో నిమిషం."

గంట తిరక్కముందే బంధువులంతా ఆ ఫైలును ఎవరి ఫోనులో వాళ్ళు పదిలంగా దాచుకున్నారు.