అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి

ఆ రోజుకి ఆమె వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయాలి, ఆ తర్వాత ఓ కునుకు తీయాలి. రిటర్నుకి అదే ఆఖరి రోజు కాబట్టి కొత్త ఉద్యోగంలో సెలవు కూడా పెట్టింది.

మొన్నమొన్నటిదాకా ఆమె పని సీసాల ఫ్యాక్టరీలో. సీసాను వెలుతురుకి ఎదురుగా పట్టి వెంట్రుకంత పగులున్నా పట్టేసేది. అక్కడంతా ఆమెను డేగకన్ను అనేవారు. ఆ డేగకన్నుకి పాత ఫ్యాక్టరీ పంపాల్సిన జీతం సర్టిఫికెట్ మాత్రం ఇంట్లో ఎక్కడా కనిపించలేదు. సొరుగులు, పరుపు కింద, చివరికి బియ్యం డబ్బా కూడా చూసి ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది.

"మూడుసార్లు పంపామండీ. ఇంటికి తాళమని తిరిగొచ్చింది," అన్నాడు గుమస్తా. "అప్పుడు మీ ఫారంలో 'అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి' అన్నచోట మీరు రాసిన మనిషికి పంపేశాం."

"ఎవరి పేరు రాశాను?"

"అది చెప్పకూడదండీ. ఉద్యోగి సొంత విషయం."

"ఆ ఉద్యోగిని నేనే కదా నాయనా!"

"ఫోన్లో అందరూ అలాగే అంటారు. పేరు మీరు చెప్పండి, అవునో కాదో నేను చెబుతా."

ఐదేళ్ళ కిందట నింపిన ఫారం. ఇంకెవరుంటారు, అన్నయ్యే అయ్యుంటాడని వదినకి ఫోన్ చేసింది. "వదినా, నా పేరు మీద కాగితమేదైనా వచ్చిందా? నాకేమైనా అయితే చెప్పాల్సిన మనిషికి పంపారట."

గంటలో అన్నయ్య, వదిన, బాబాయి పళ్ళ సంచితో సహా దిగారు. వాళ్ళు ఆ గడప తొక్కి రెండేళ్ళయింది. ఇంట్లో ఉన్నవి రెండు కుర్చీలే. బాబాయి కూరలు తరిగే పీట మీద సర్దుకున్నాడు.

"వీలునామా రాశావటగా! డాక్టరేమన్నాడు?" అన్నాడు అన్నయ్య.

"వీలునామా కాదు అన్నయ్యా, జీతం సర్టిఫికెట్."

"దాచకమ్మా," అంటూ వదిన కళ్ళొత్తుకుంది. "ముఖం చూస్తేనే తెలుస్తోంది."

చివరికి సంగతి అర్థమయ్యాక అన్నయ్య ఫోన్ లాక్కుని ఫ్యాక్టరీకి చేశాడు. "నేను అన్నయ్యని. ఉన్నది నా పేరేగా?"

"కాదండీ," అన్నాడు గుమస్తా.

వదిన పేరు? కాదండీ. బాబాయి గొంతు సవరించుకుని, "నాదేమో అడుగు," అన్నాడు. అదీ కాదు. దాంతో జబ్బు సంగతి గాలికి పోయింది.

"మేం బతికుండగానే పరాయి మనిషి పేరు రాశావా?" అన్నాడు అన్నయ్య.

"ఎవరతను?" అంది వదిన. ఆ మనిషి మగవాడని అప్పటిదాకా ఎవరూ అనలేదు.

తల కొట్టేసినట్టయిన అన్నయ్య ఫోన్లో గట్టిగా అరిచాడు. "ఇవాళ ఆఖరి రోజయ్యా! మా చెల్లెలి ప్రాణం మీదికొచ్చింది, ఆ మనిషెవరో వాడికే చెప్పు!"

గుమస్తా రూలు తప్పని మనిషి. ప్రాణం మీదికొచ్చిందంటే అత్యవసరమే. అత్యవసరమైతే తెలియజేయాల్సిన మనిషికి వెంటనే తెలియజేశాడు.

ఇరవై నిమిషాల్లో బెల్లు మోగింది. తలుపు తీస్తే, భుజాన సంచి, చేతిలో పానా, రొప్పుతూ ఒకాయన. "మెయిన్ వాల్వు కట్టేశారా అమ్మా?" అంటూ నేరుగా వంటింట్లోకి పరుగెత్తాడు.

"ఎవరీయన?" అన్నాడు అన్నయ్య.

"ప్లంబరు," అంది ఆమె. ఆ మాట అంటూండగానే అంతా గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు ఆ ఖాళీ దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. ఆ ఏడాది అన్నయ్యతో మాటల్లేవు. ఆ రోజు తన చేతిసంచిలో ఉన్నదల్లా, కుళాయి బాగుచేసి వెళ్తూ ప్లంబరు పేరు, అడ్రసు, నంబరు రాసిచ్చిన చీటీ ఒక్కటే.

వంటింట్లో నీళ్ళేమీ లేకపోవడంతో ప్లంబరు తెల్లబోయి తిరిగొచ్చాడు. అప్పుడు ఆమెను చూసి ఏదో గుర్తొచ్చి, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఉత్తరాన్ని సంచి అడుగునుంచి తీశాడు. "ఇది నా దగ్గరికొచ్చి మూడు వారాలైందమ్మా. రెండుసార్లొచ్చా, తాళం. పక్కింట్లో ఇద్దామంటే, 'ఆ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా?' అని వాళ్ళు నన్నే అడిగారు."

బాబాయి ఒక పండు వలుచుకోవడం మొదలుపెట్టాడు.

వెళ్తూ వెళ్తూ అన్నయ్య గుమ్మంలో ఆగాడు. "కొత్త ఉద్యోగంలోనైనా నా పేరు రాయి. పగలు మాత్రం ఫోన్ చెయ్యొద్దని చెప్పు, పనిలో ఉంటా."

"ఒక్కదానివి, ఇన్ని పళ్ళేం తింటావు," అని వదిన సగం వెనక్కి తీసుకెళ్ళింది.

సాయంత్రానికి రిటర్ను దాఖలైంది. కునుకు మాత్రం పట్టలేదు. ఆమె సొరుగులోంచి కొత్త ఉద్యోగం వాళ్ళిచ్చిన ఫారం తీసింది. నెల రోజులుగా అందులో ఒక్క గడే ఖాళీగా ఉంది. కాసేపు ఆలోచించి, మళ్ళీ ప్లంబరు నంబరే రాసింది.

పిలిస్తే ఇరవై నిమిషాల్లో వస్తాడు, పైగా పనిముట్లు కూడా తెచ్చుకుంటాడు.