కరెంటు బిల్లులో తాతగారు

సోమవారం ఉదయం జురేమా వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, కోళ్లకు గింజలు వేయాలి, కరెంటు కంపెనీకి ఫోన్ చేసి బిల్లు మీద తన పేరు రాయించుకోవాలి. పదింటికల్లా అంతా అయిపోవాలి.

అవసరం అలాంటిది. బ్రెజిల్ నుంచి వచ్చి, మేయో కౌంటీలోని మా ఊరు కిల్‌టబర్ కుర్రాడు ఫెస్టస్ గవహన్‌ను ఆమె పెళ్లాడి ఏడాదిన్నర అయింది. ఐర్లండ్ పౌరుడి భార్యగా ఇక్కడే ఉండిపోవాలంటే గురువారం ఇద్దరూ నగరంలోని ఆఫీసుకు వెళ్లాలి. ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నట్టు కాగితం చూపాలి. శుక్రవారంతో ఆమె పాత అనుమతి చెల్లిపోతుంది. తర్వాత విమానం ఎక్కమంటారేమోనని ఆమె భయం.

చూపడానికి ఆ ఇంటికి వచ్చేది కరెంటు బిల్లు ఒక్కటే. అదీ ఫెస్టస్ తాతగారి పేరున. ఆయన పోయి పంతొమ్మిదేళ్లు.

"ఇన్నేళ్లూ పేరు మార్చలేదేమయ్యా?"

"లైటు వెలుగుతోంది కదా, మార్చడమెందుకు?" అని ఫెస్టస్ టోపీ తగిలించుకుని పశువుల సంతకు వెళ్లిపోయాడు. మా వైపు మగాళ్లందరిదీ ఇదే వరస.

ఊరు మొత్తానికి ఫోన్ సిగ్నల్ దొరికేది ఫిలోమినా కొట్టు ముందు, బొగ్గు బస్తాల పక్కన మాత్రమే. పోస్టాఫీసు కూడా అందులోనే. కొట్టు తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, ఫిలోమినా చెవులూ అంతే.

"ఫెస్టస్ గవహన్ చనిపోయారండీ," అంది జురేమా ఫోన్‌లో. "నేనా? మిసెస్ గవహన్‌ని. అదే ఇంట్లో ఉంటున్నా. ఆయన పేరు తీసేసి నా పేరు పెట్టండి. కాస్త తొందరగా, గురువారం లోపు కావాలి."

లోపల ఫిలోమినా చేతిలో రొట్టె జారిపోయింది. తాత పేరే మనవడికి పెట్టడం గవహన్‌ల ఇంటి ఆనవాయితీ అని ఆమెకు తెలుసు. కానీ ఆ క్షణంలో ఎప్పుడో పోయిన తాతగారు ఎవరికి గుర్తొస్తారు?

"మొగుడి ఒళ్లింకా చల్లబడలేదు, అప్పుడే కరెంటు మార్పిస్తోంది!" అంది కొట్లో ఉన్నవాళ్లతో. వెంటనే మనసు కరిగి, "పోనీలే పాపం, దుఃఖంలో చేతికేదో ఒక పని ఉండాలి," అని ముక్కు చీదుకుంది. మధ్యాహ్నానికి ఆమె దగ్గర సంతాపం కార్డులన్నీ అమ్ముడైపోయి, రెండు గంటల పోస్టు బండి ఎక్కేశాయి.

పేరు మారడానికి మూడు వారాలు పడుతుందని కంపెనీవాళ్లు చెప్పేసరికి జురేమా తల పట్టుకుని ఇంటికి చేరింది. ఆ వెనకే జనం మొదలయ్యారు. చేతిలో శాండ్‌విచ్‌ల పళ్లెం, ముఖంలో విషాదం. మాలో పోయినవాళ్ల పేరెత్తడం మర్యాద కాదు. చేయి కలిపి, "మీకు కష్టమొచ్చిందమ్మా," అని పక్కకు జరుగుతారు.

ఫెస్టస్ తల్లి అట్రాక్టా కరిగిపోయింది. "చూశావుటే అమ్మాయ్, నీ కాగితం రాలేదన్న సంగతి అప్పుడే ఊరంతా పాకింది. ఎంత మంచి మనుషులే!"

"ఎప్పుడమ్మా?" అని అడిగాడు అంత్యక్రియలు జరిపించే మల్డూన్.

"గురువారం పొద్దున్నే," అంది జురేమా కళ్లు తుడుచుకుంటూ. "ఆయన్ని తీసుకుని తొమ్మిదింటికే బయల్దేరాలి."

మల్డూన్ ముఖం మాడిపోయింది. "బండికి ఎవరికి చెప్పారు?"

"బండి ఎందుకండీ? మా కారులోనే, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తా."

మల్డూన్ గోడ పట్టుకుని కూర్చున్నాడు.

అయిదింటికి ఫెస్టస్ సంత నుంచి వచ్చేసరికి సందు పొడుగునా కార్లు, ఇంటి ముందు పరామర్శకు వచ్చినవాళ్ల వరస. అతని గుండెల్లో రాయి పడింది. అమ్మే! పొద్దున మోకాలు నొప్పంటే విన్నాడు కూడా కాదు. అయినా వరస దాటి ముందుకు తోసుకెళ్లడం మా వాళ్ల రక్తంలో లేదు. టోపీ తీసి, తలవంచి, ఏడుస్తూ తన ఇంటి గుమ్మం దాకా వరసలోనే నడిచాడు. ముందున్నవాళ్లెవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

అట్రాక్టా అతని చేతినీ అందుకుని, "వచ్చావు, సంతోషం బాబూ," అంది. తర్వాత తలెత్తింది. "ఒరేయ్, నువ్వెందుకురా వరసలో?"

"అమ్మా! నువ్వు బతికే ఉన్నావా?"

ఫిలోమినా పెట్టిన కేకకు పెరట్లో కోళ్లు చెదిరిపోయాయి. సంగతి తేలడానికి అరగంట పట్టింది. తేలాక మాత్రం ఒక్కరూ కదల్లేదు. తెచ్చిన తిండి ఉంది, టీ మరుగుతోంది, శవం లేదు. ఇంతకన్నా మంచి చావు మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

"మరి నా కార్డు వెనక్కి తీసుకోవచ్చా?" అన్నారెవరో.

"పోస్టు బండి ఎక్కినది వెనక్కి రాదు," అంది ఫిలోమినా హుందాగా.

గురువారం ఆఫీసులో అధికారిణి కాగితాలన్నీ తిప్పి చూసింది. "ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నట్టు ఏదైనా?"

జురేమా సంచి బోర్లించింది. ఒకే చిరునామాకు, ఆమె పేరున, స్టాంపులు పడి వచ్చిన నలభై మూడు కార్డులు. అధికారిణి ఫిలోమినా కార్డు విప్పి చదివింది: 'ఏడాదిన్నరగా ఆ ఇంట్లో మీ ఇద్దరి పోట్లాట రోడ్డు మీదికి వినిపించేది. ఇక వినిపించదంటే మనసొప్పడం లేదు.' ఇంకోటి చదివింది, ఇంకోటి. జురేమా ఫెస్టస్ చేతిని విరిగిపోయేలా పట్టుకుంది.

అధికారిణి ఫెస్టస్ వైపు తిరిగింది. "పోయింది మీరేనా?"

"నేనేనండి."

"అయితే ఇక్కడ సంతకం పెట్టండి."

ముద్ర పడింది. జురేమా అక్కడే భోరుమంది. ఫెస్టస్ కూడా ఏడ్చాడు, కాకపోతే జలుబన్నాడు.

మూడు వారాలకు కరెంటు బిల్లు వచ్చింది, పేర్లు రెండూ పక్కపక్కనే: 'కీ.శే. ఫెస్టస్ గవహన్, శ్రీమతి జురేమా గవహన్'. జురేమా ఫోన్ పట్టుకుని కొట్టు వైపు పరుగెత్తబోతే ఫెస్టస్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"లైటు వెలుగుతోంది కదా!"